మొదటి రోజు రికార్డింగు

సౌజన్య నల్లగండ్లలో మాటలు ఆలస్యమైన పిల్లల కోసం చిన్న క్లినిక్ నడుపుతోంది. ఆ మధ్యాహ్నం అక్కడి పాత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, డిస్కు కనబడడం లేదని నల్లటి తెర మీద ఒక్క వాక్యం వచ్చింది. లోపల టక్ టక్‌మని చప్పుడు.

కాసేపట్లో రజిత వస్తుంది. ఆమె ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. నాలుగేళ్ల కొడుకు భరత్‌ను చలికాలం నుంచీ తీసుకొస్తోంది. వాడిలో మార్పేమీ లేదని, ఇక మానేస్తామని పొద్దున ఫోన్ చేసింది. మొదటి రోజు వాడెలా ఉన్నాడో వినిపిస్తే మార్పు ఆమెకే తెలుస్తుందని సౌజన్య ఆశ. ఆ రోజు చేసిన రికార్డింగు ఈ డిస్కులో తప్ప మరెక్కడా లేదు.

భర్త వంశీకి ఫోన్ చేసింది. మాటిమాటికీ ఆన్ చేస్తే డిస్కు పూర్తిగా పోతుందని అతను హెచ్చరించాడు. దాన్ని బయటికి తీసి, కేబుల్‌తో ఆమె దగ్గరున్న కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించి, అన్నిటికన్నా అవసరమైన ఫైలు ముందు కాపీ చేసుకోమన్నాడు. సరేనంది. ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోక మళ్లీ ఆన్ చేసింది. చప్పుడు పెరిగేసరికి ఆపేసింది.

కింద మొబైల్ షాపులో కేబుల్ దొరికింది. స్క్రూలు విప్పుతుంటే చెమట పట్టి స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. డిస్కు తగిలిస్తే ఒక క్షణం కనబడి మాయమైంది. తీసి మళ్లీ పెట్టింది. ఈసారి నిలిచింది. భరత్ ఫైలు కాపీకి పెట్టి, కుర్చీలో కూర్చోలేక కిటికీ దాకా వెళ్లడం, వచ్చి తెర చూడడం, మళ్లీ వెళ్లడం. ఆ ఒక్క ఫైలు వచ్చింది. రెండోది మొదలవుతుండగా డిస్కు మూగబోయింది. ఇక ఎన్నిసార్లు తగిలించినా కనబడలేదు. మిగతా పిల్లల గొంతులన్నీ అందులోనే ఉండిపోయాయి.

రజిత కొడుకుతో వచ్చి, నిలబడే మాట్లాడబోయింది. ఒక్కసారి విని వెళ్లమని సౌజన్య బతిమాలింది.

ల్యాప్‌టాప్‌లోంచి రజిత గొంతే వినిపించింది. "నీ పేరేంది, చెప్పు బిడ్డా. భరత్ అని చెప్పు. భరత్. అన్నం తిన్నవా? తిన్నడు మేడం. నీళ్లు గావాల్నా? ఇగో, తాగు." మధ్యలో ఎక్కడో పిల్లవాడు సన్నగా "ఊ" అన్నాడు. ఆమె మాటల కింద అది మునిగిపోయింది.

సౌజన్య తెల్లబోయింది. వినిపించాలనుకున్నది ఇది కాదు. ఆపబోతే రజిత ఆమె చెయ్యి పట్టుకుంది. చివరిదాకా విన్నది.

"వానికి మాట్లాడనీకి సందే ఇయ్యలే గదా మేడం నేను," అంది మెల్లగా.

"అది నీ తప్పు కాదు రజితా. బిడ్డ మీద దిగులుతో మాట్లాడావు," అంది సౌజన్య.

రజిత కొడుకు ముందు నేల మీద కూర్చుంది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏం కావాలని ఒక్కసారే అడిగింది. తన నోరు కదలబోయినప్పుడల్లా పెదవి కొరుక్కుంది. భరత్ సీసాను చూశాడు, తల్లి ముఖాన్ని చూశాడు, ఆమె చున్నీ లాగాడు. ఆమె పలకలేదు.

"నీ," అన్నాడు వాడు, నీళ్లు అనబోయి.

ఆమె సీసా ఇచ్చింది. వాడు తాగుతుంటే కళ్లు తుడుచుకుని, సోమవారం ఎన్ని గంటలకు రావాలని సౌజన్యను అడిగింది.