జెల్ల చేప నరాల పటం

దరియావలి ఒక కన్ను మూసి, రెండో కన్ను మైక్రోస్కోపుకు ఆనించాడు. జెల్ల చేప మెదడును పొరలుపొరలుగా కోసి, వెండి ద్రావణంలో ముంచి, గాజు పలకలకు అంటించారు. పసుపుపచ్చటి పొరలో నరాలు నల్లటి వెంట్రుకల్లా కనిపిస్తాయి. ఏ నరం ఎక్కడ మొదలై దేన్ని చేరుతోందో పలక వెంట పలక చూస్తూ కాగితం మీద గీయాలి. మైపాడులో పడవలకు పేర్లు రాసుకునే అతణ్ణి తీసుకొచ్చి డాక్టరు తిమోతి గారు ఈ పనిలో పెట్టారు. సముద్రపు ఒడ్డునున్న ఆ చిన్న పరిశోధనశాలలో పెద్ద పటం గీసే చేయి అతనిదొక్కటే.

అదంతా పందొమ్మిది వందల అరవై మూడు వేసవి దాకా. చూపు చెడి అతనికి ఒక్కో నరం రెండుగా కనిపించసాగాక పటం కిటికీ పక్క బల్ల మీదికి, కొత్తగా పనిలోకొచ్చిన పుష్పకుమారి ముందుకు చేరింది. పలకలు తుడిచి వరసగా ఆమెకు అందించడం అతని వంతయింది. ఆ పిల్ల నెల్లూరు బస్సు దిగి వచ్చి “అన్నా” అన్నప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది. ఆమె గీత సన్నగా, తడబడకుండా సాగిపోతుంటే చూడలేకపోయేవాడు. చూడకుండానూ ఉండలేకపోయేవాడు.

ఆ రోజు మద్రాసు నుంచి వచ్చిన ప్రొఫెసరొకాయన పటం ముందు చాలాసేపు నిలబడి, ఈ చేయి ఎవరిదని అడిగాడు. తిమోతి గారు పుష్పకుమారిని చూపించారు. అందులో సగానికి పైగా దరియావలి గీసినదే. అతను తలెత్తకుండా పలకలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అందరూ అన్నానికి లేచాక ఆమె కలం అందుకున్నాడు. కంటి నుంచి వచ్చే నరానికి లేని కొమ్మ ఒకటి తగిలించాడు. చాన్నాళ్లకు గీత చక్కగా పడింది.

సాయంత్రం తిమోతి గారి కంట అది పడింది. ఈ కొమ్మ ఏ పలకలో చూశావని గట్టిగానే అడిగారు. అచ్చుకు పోవలసిన పటమది. పుష్పకుమారి వంగి చూసింది. ఆ వంపు ఎవరి చేతిదో ఆమెకు తెలుసు. దరియావలి వైపు మాత్రం చూడలేదు.

“నాదే పొరపాటు సార్. పక్క పలకలోది ఇక్కడ గీసినాను. గోకేస్తాను.”

ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయారు. దరియావలి ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

“ఎందుకమ్మా అట్ట చెప్పినావు?”

ఆమె బ్లేడు అంచుతో కాగితం గోకుతూనే ఉంది. “మీ గీతలు చూసే కదన్నా నేను నేర్చుకునింది. వాటికి చెడ్డపేరు రానిస్తానా?”

 అతను వెనక తలుపు గుండా ఇసుకలోకి దిగి నడిచిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సూళ్లూరుపేటలో చెల్లెలింట్లో ఉంటున్నాడని చేపలమ్మే మనిషి చెప్పింది.

ముందు గుమ్మం పక్కన అతని తోలు చెప్పులు, మడమల దగ్గర అరిగి, గాలి తెచ్చిపోసిన ఇసుకతో సగం పూడిపోయి చాలా రోజులు అలాగే ఉన్నాయి.