ఒక్క స్పీకరులో మాయమైన గొంతు

ఎడిటరు ఇరవై రెండేళ్లుగా ఇతరుల తప్పులు కత్తిరించి బతుకుతున్నాడు. సొంత తప్పు దొరకబుచ్చుకోవడానికి మాత్రం అతనికి మూడు రోజులు పట్టింది.

కంటి ఆసుపత్రివాళ్లు నాలుగు నిమిషాల వీడియో అడిగారు. శుక్లాల ఆపరేషను కోసం హాల్లో కూర్చునేవాళ్లకు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పాలి. చూసేవాళ్లకు చూపు ఆనదు కాబట్టి మాటే ముఖ్యం. ఆ మాటలు చదివింది ఎడిటరు భార్య. ఆమె పంతొమ్మిదేళ్లు బస్‌స్టాండులో అనౌన్సరు. నిరుడు ఆ కుర్చీలోకి మిషను వచ్చింది. అప్పటినుంచి ఆమె ఇంట్లో గొంతెత్తడం మానేసింది. తనకు కలిసొచ్చింది అదొక్కటేనని ఎడిటరు స్నేహితులతో అనేవాడు. అది జోకని అతనొక్కడే అనుకునేవాడు.

సోమవారం హెడ్ నర్సు ఫోను చేసింది.

"సార్, మ్యూజిక్ ఖంగుమంటోంది. అమ్మగారి మాట మాత్రం గోడవతల నుంచి వస్తున్నట్టుంది."

"టీవీ సౌండ్ పెంచండమ్మా."

"పెంచాం సార్. మ్యూజిక్ పెరిగింది. డాన్సు ఎప్పుడు మొదలవుతుందని ఒక పెద్దాయన అడిగాడు."

ఎడిటరు హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాడు. భార్య గొంతు స్పష్టంగా ఉంది. లోపం టీవీదేనని తేల్చేశాడు. అయినా పెద్దమనిషి తరహాలో గొంతు లెవెల్ పెంచి, మ్యూజిక్ తగ్గించి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి పంపాడు. హెడ్ నర్సు అదే మాట చెప్పింది.

మంగళవారం అతను ఎక్స్‌పోర్ట్ సెట్టింగులన్నీ తిరగేశాడు. తనకు పేరు తెలిసిన ప్రతి మీటా నొక్కాడు. తెలియనివి రెండు కూడా నొక్కాడు. మీటరులో గీతలు ఎర్రరంగు దాకా ఎగిరాయి. ఆసుపత్రి టీవీలో మాత్రం గొంతు లేవలేదు. సాఫ్ట్‌వేరును అనుమానించాడు, ఫైలును అనుమానించాడు. ఇక మిగిలింది భార్య.

"కొంచెం గట్టిగా చదువు," అన్నాడు.

"గట్టిగానే చదివాను కదండీ."

"ఇంకొంచెం. మాట పొట్టలోంచి రావాలి."

"పంతొమ్మిదేళ్లు బస్సుల్ని ముక్కుతో పంపించానా?"

అన్నదే గానీ చదివింది. సాయంత్రం లోపల రెండుసార్లు చదివింది. మొదటి దానితో కలిపి మొత్తం మూడు. రెండోది అయ్యేసరికి మంచినీళ్లు అడిగింది, మూడోది అయ్యేసరికి సైగలు చేసింది. ఆసుపత్రి నుంచి అదే జవాబు వచ్చింది.

"సార్, రేపు మూడింటికి పెద్ద డాక్టరుగారు చూస్తారు. అప్పటికీ కుదరకపోతే వేరే గొంతు పెట్టిద్దామంటున్నారు," అంది హెడ్ నర్సు. ఫోను స్పీకరులో ఉంది.

భార్య చేతిలో కాగితం మడిచి బల్లమీద పెట్టింది. "పెట్టించుకోమనండి. బస్‌స్టాండువాళ్లు ఊరికే మిషను తెచ్చుకోలేదు. నాలోనే పస తగ్గింది."

అక్కడ ఏ మొగుడైనా "ఛ, అదేం మాట" అనాలి. ఎడిటరు "చూద్దాం" అన్నాడు.

బుధవారం ఉదయం ల్యాప్‌టాప్, హెడ్‌ఫోను పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. టీవీ చెడిపోయిందని నలుగురి ముందు రుజువు చెయ్యాలని అతని ఉద్దేశం. హాల్లో గోడకు పాత టీవీ, దానికి ఒక్కటే స్పీకరు. హెడ్‌ఫోను పెట్టుకుంటే భార్య మాట్లాడుతోంది. టీవీకి కలిపితే గొణుగుతోంది.

"చూశారా?" అన్నాడు గెలిచినవాడిలా.

"ఏదీ, ఇటివ్వండి," అని హెడ్ నర్సు హెడ్‌ఫోను లాక్కుంది. ఎడమ డొప్ప తన చెవికి, కుడి డొప్ప పక్కన బెంచీమీది ముసలాయన చెవికి ఆనించింది.

"నాకు బాగానే వినిపిస్తోంది. మీకో, తాతగారూ?"

"నాకూ వినిపిస్తోందమ్మా. కన్ను నలపొద్దంటోంది."

ఎడమ పక్క గొంతుంది, కుడి పక్కా ఉంది. రెండూ కలిసేచోటే లేదు. ఎడిటరు ల్యాప్‌టాప్‌లో గొంతు ట్రాక్ కుడి పక్క ఆపేసి మళ్లీ టీవీకి కలిపాడు.

"దయచేసి కన్ను నలపకండి," అంది టీవీ, హాలు చివరిదాకా వినబడేలా. వెనక వరసలో ఒకాయన కంటిమీంచి చెయ్యి తీసేశాడు.

సంగతి ఇది. మైకు కేబులులో గొంతును మోసే తీగలు రెండుంటాయి. ఒకటి గొంతును మోస్తే రెండోది అదే గొంతును తలకిందులుగా మోస్తుంది. షాపువాళ్లు సరిగ్గా అతకరని, ఎడిటరు నెల క్రితం కేబులు తానే అతికాడు. ఒక తీగను ఎడమకు, ఇంకోదాన్ని కుడికి కలిపాడు. హెడ్‌ఫోనులో చెరో చెవికీ చెరొకటి చేరతాయి, గొడవ ఉండదు. ఒక్క స్పీకరులో రెండూ కలిస్తే ఒకడు బండిని ముందుకు తోస్తుంటే ఇంకొకడు వెనక్కి లాగినట్టు. మూడు రోజులుగా ఎడిటరు ఆ ఇద్దరికీ సమానంగా బలం పెంచుతూ వచ్చాడు.

భార్య మొదటిసారి చదివినదాన్ని తీసి, ఎడమ పక్క గొంతునే రెండు పక్కలకూ పెట్టి, పది నిమిషాల్లో ఎక్స్‌పోర్ట్ చేశాడు. తరవాత ఇంటికి ఫోను చేశాడు.

"వచ్చిందా?" అంది భార్య. గొంతు జీరబోయి ఉంది.

"వచ్చింది."

"గట్టిగా చదివాను కదా, మూడోసారి. అదేనా?"

అవునంటే సరిపోయేది. కేబులు సంగతి లోకంలో ఎవరికీ తెలియదు. అతను నోరు తెరిచాడు కూడా.

"కాదు. మొదటిది. నీ గొంతుకేం కాలేదు. కేబులు తప్పు."

"కేబులు ఎవరు చేశారు?"

ఎడిటరు "తీగలు నేను అతికేటప్పుడు..." అంటూ సిద్ధాంతం మొదలుపెట్టాడు. పక్కనే వింటున్న హెడ్ నర్సు ఫోను అందుకుంది. "సారే చేశారటమ్మా," అంది.

"నిన్నటినుంచీ," అంది భార్య. "నిన్నటినుంచీ నా పని అయిపోయిందనుకుంటున్నాను."



మూడింటికి పెద్ద డాక్టరు వచ్చి వెనక గోడకు ఆనుకుని నాలుగు నిమిషాలూ విన్నాడు. మిగతా వార్డులకూ ఆవిడతోనే చదివించమన్నాడు. హెడ్ నర్సు అక్కడికక్కడే ఫోను కలిపి, స్పీకరులో పెట్టి అడిగింది.

"తప్పకుండా చదువుతాను," అంది భార్య. "రికార్డింగుకు మాత్రం వేరే మనిషిని చూడండి."

హెడ్ నర్సు ఎడిటరు వంక చూసింది.

"నాకు తెలిసినవాళ్లు ఇద్దరున్నారు," అని అతను వాళ్ల నంబర్లు రాసిచ్చాడు.