మందు ఆపిన పొద్దు

డాక్టర్లు రాకముందే కొండల్ దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి తొడను గిల్లుకున్నాడు. ఏమీ తెలియలేదు. గట్టిగా గిల్లాడు. ఎవరి తొడనో గిల్లినట్టుంది.

ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టే మనిషి. నిన్న అతని పేగులోని గడ్డను తీసేశారు. కడుపు నిలువునా కోసినా నొప్పి లేదు. వీపులో అమర్చిన సన్నటి గొట్టం గుండా నొప్పి తెలియకుండా చేసే మందు ఎక్కుతూనే ఉంది.

"పోశమ్మా, నా కాళ్లు పోయినయే," అన్నాడు భార్యతో.

ఆమె అరికాలు గోకింది. "తెలుస్తలేదా?"

"లేదు. ఇగ నన్ను ఎవలు మోస్తరు?"

పోశమ్మ నర్సు వసంతలక్ష్మి దగ్గరికి పరుగెత్తింది. "మందు వల్లేనమ్మా, కంగారు పడకండి," అందామె. పోశమ్మ తిరిగొచ్చింది, నిలవలేక మళ్లీ పోయింది. ఈసారి నర్సు వచ్చి కాలు ఎత్తమంది. వేలైనా కదలలేదు. ఆమె వెంటనే ఫోన్ తీసింది.

మత్తు డాక్టర్ అనురాధ వచ్చి చూసింది. "మందు ఆపుతున్న. దిగితే కాళ్లు కదలాలె. కదలకుంటే గొట్టం పెట్టిన కాడ రక్తం గడ్డకట్టిందేమో, వెన్నుకు స్కాన్ తీయాలె. నొప్పి మాత్రం మస్తుగ వస్తది."

"రానియ్యుండ్రి," అన్నాడు కొండల్.

పోశమ్మ దుప్పటి ఎత్తి పాదాలు చూస్తుంది, కప్పుతుంది, కిటికీ దాకా పోతుంది, మళ్లీ వచ్చి ఎత్తుతుంది.

"కదిలిందా?"

"లేదు. నువ్వు జర ఊకో."

ముందు నొప్పే వచ్చింది. కుట్ల వెంట నిప్పు పాకినట్టయింది. కొండల్ మంచం కడ్డీని పట్టుకుని పళ్లు బిగించాడు. చొక్కా తడిసిపోయింది.

"మేడమ్, మందియ్యుండ్రి. ఓర్వలేకపోతున్నడు," అంది పోశమ్మ, మంచం పక్కనే ఉన్న అనురాధతో.

"ఆగు," అన్నాడు కొండల్. "జర ఆగు."

కుడికాలి బొటనవేలు సన్నగా కదిలింది. పోశమ్మ దాన్ని పిడికిట్లో పట్టుకుంది.

"ఇదేనా?"

"అవ్. నువ్వు పట్టుకున్నది తెలుస్తున్నది. ఇడువకు."

కాసేపటికి ఎడమకాలూ కదిలింది. మోకాలు మడవమంటే మూలుగుతూనే మడిచాడు. అనురాధ ఊపిరి వదిలి, మోతాదు బాగా తగ్గించి మందు మళ్లీ మొదలుపెట్టింది. "ఇగ కాళ్లు మొద్దుబారవు. నొప్పి కొంచెం ఉంటది. ఓర్వలేకుంటే చెప్పు."

నొప్పి తగ్గింది కానీ పోలేదు. కొండల్ మాత్రం వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు, ఆపితే మళ్లీ రావేమోనన్నట్టు. పోశమ్మ వద్దన్నా వినలేదు.

మధ్యాహ్నం నర్సు పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. పాదాలు నేలకు ఆనాయి. పొద్దున్నుంచి నిలబడే ఉన్న పోశమ్మ అప్పుడు అతని పక్కన కూలబడింది.

"పండుకుంటవా?"

"వద్దు," అన్నాడు కొండల్. "నేల సల్లగున్నది. ఇంకొంచెం సేపు ఉంట."