పటంలో బోయినపల్లి

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోవడంతో కౌసర్ జగిత్యాల కాలేజీకి వెళ్లలేక కోరుట్లలో ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఎంసీఏ చివరి సంవత్సరం ఆమెది. ఊరికే కూర్చోవడం చేతకాక, తనలాగే సిరిసిల్లలో ఇంటి దగ్గర ఉండిపోయిన క్లాస్‌మేట్ రాధికతో కలిసి ఒక వెబ్‌సైటు తయారుచేసింది. అందులో జిల్లా పటం ఉంటుంది. ఏ మండలం మీద నొక్కితే ఆ మండలంలో ఆ రోజు దీక్ష ఎక్కడ, రాస్తారోకో ఎక్కడ అన్నది తెలుస్తుంది.

పటం గీయడానికి ఆమె ఒక ఓపెన్‌సోర్స్ లైబ్రరీని వాడింది. అంటే, ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల, లోపముంటే విప్పి సరిచేయగల ప్రోగ్రాము. గీతలతో గీసిన బొమ్మను ఏ బ్రౌజర్‌లోనైనా ఒకేలా చూపించడం దాని పని. కొత్త బ్రౌజర్లకు ఆ గీతలు నేరుగా అర్థమవుతాయి. పాతదానికి మాత్రం దాని భాషలోకి మార్చి చెప్పాలి.

ఒకరోజు సిరిసిల్ల నెట్ సెంటర్ నుంచి రాధిక ఫోన్ చేసింది.

"ఇక్కడ లొల్లి అయితుందే కౌసర్. బోయినపల్లి నుంచి రాజలింగం పెదనాయిన అచ్చిండు. పటంల వాళ్ల మండలమే లేదు. బొక్క పడ్డట్టు తెల్లగున్నది."

అంతలో ఆయనే ఫోన్ అందుకున్నాడు. "ఏం బిడ్డా, మా బోయినపల్లి తెలంగాణల లేదా? ఎన్ని దినాల సంది టెంటు ఏసుకుని కూసున్నం! మమ్ముల ఎందుకు తీసేసినవ్?"

"తియ్యలేదు పెదనాయినా. నా కంప్యూటర్ల మంచిగ కనవడుతుంది."

"నీ దాంట్ల కనవడితే మాకేం ఫాయిదా? మేం చూసేది గీడ గదా!"

కౌసర్ అక్కడి కంప్యూటర్ల సంగతి రాధికను అడిగి తెలుసుకుంది. నెట్ సెంటర్‌లోనే కాదు, చుట్టుపక్కల అన్నిచోట్లా ఉన్నవి పాత కంప్యూటర్లు, పాత బ్రౌజర్లే. లోపం తన పటంలో కాదు, లైబ్రరీలో ఉందని సాయంత్రానికి తేల్చుకుంది. దాన్ని నడిపే మతియాస్ అనే అతనికి మెయిల్ రాసింది. అర్జెంటీనా నుంచి మర్యాదగానే జవాబు వచ్చింది. పాత బ్రౌజర్‌ను ఇప్పుడెవరూ వాడటం లేదనీ, వచ్చే వెర్షన్‌లో ఆ భాగాన్నే తీసేస్తున్నామనీ.

రాధికకు ఫోన్‌లో చదివి వినిపిస్తే, "మన పటం వరకు హద్దుల కొలతలు జర సవరిస్తే అయిపోతది గదనే?" అంది.

"చేసి చూసిన. హద్దులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నయ్. అయినా ఎవరూ వాడరంటడేంది? మనం మనుషులం గాదా?"

మతియాస్‌కు మళ్లీ రాసింది: "మా ప్రాంతంలో అందరూ వాడేది అదే. నేను సరిచేసి పంపితే తీసుకుంటారా?" పాత కంప్యూటర్ మీద నడిపి చూపిస్తే చూస్తానన్నాడు అతను.

కోరుట్లలో నెట్ సెంటర్లన్నీ సమ్మెకు మూతపడ్డాయి; అందుబాటులో ఉన్న అలాంటి కంప్యూటర్ సిరిసిల్లలోనే. కౌసర్ తండ్రి మహబూబ్ వెల్డింగ్ పని చేస్తాడు. సమ్మెకు షాపు మూసి ఇంట్లోనే ఉన్నాడు.

"తొవ్వ పొడుగూ బందులే బేటీ. ఎట్ల పోతం?" అన్నాడు.

"ఆపిన కాడ ఆగుదాం అబ్బా. వదిలినంక పోదాం."

కూతురు ముఖం చూసి ఆయన ఇంకేమీ అనకుండా బండి తీశాడు.

రుద్రంగి దగ్గర ఊరివాళ్లు నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నాగవ్వ అనే ఆమె గరిటె అడ్డంపెట్టి బండి ఆపింది.

"ఎటు? ఏం పని?"

"సిరిసిల్లకు. పటంల బోయినపల్లి కనవడ్తలేదమ్మా. సరిచేస్తందుకు పోతున్న."

ఆమె నవ్వలేదు. "అట్లయితే తిని పోండ్రి," అని ఇద్దరికీ విస్తర్లలో అన్నం, పప్పు వడ్డించి, తినేదాకా పక్కనే నిలబడి, తర్వాత తానే జనాన్ని పక్కకు జరిపింది.

నెట్ సెంటర్ యజమాని దేవదాస్ ఒక కంప్యూటర్‌ను కౌసర్‌కు వదిలేశాడు. "కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదమ్మా. ఎప్పటిదప్పుడే దాచుకో," అన్నాడు.

గంట సేపటికి లోపం దొరికింది. పాత బ్రౌజర్‌కు దశాంశాలు పడవు. బోయినపల్లి, దానిలాగే ఖాళీగా కనిపిస్తున్న కోనరావుపేట మండలాల హద్దులు మెలికలు తిరిగి ఉండటంతో వాటి కొలతల నిండా దశాంశాలే. అవి రాగానే బ్రౌజర్ ఆ బొమ్మను మొత్తంగా వదిలేస్తోంది. అన్ని కొలతలనూ వెయ్యి రెట్లు పెంచి, చూపేటప్పుడు అంతే తగ్గిస్తే సరి. రాయడం మొదలుపెట్టింది. మొదటిసారి బొమ్మ తెర దాటిపోయింది. రెండోసారి కరెంటే పోయింది. కౌసర్ కుర్చీలోంచి లేవలేదు. కరెంటు వచ్చాక తప్పు దిద్ది మళ్లీ నడిపింది. ఈసారి తెల్లటి ఖాళీలు రెండూ నిండాయి.

రాధిక ఎగిరి గంతేసింది. దీక్ష శిబిరం నుంచి రాజలింగాన్ని పిలిపించారు. ఆయన తెర మీద వేలు పెట్టి తన మండలం హద్దు వెంబడి మెల్లగా తిప్పాడు.

"ఆఁ, గిట్ల ఉండాలె," అని, "ధర్మపురి గిట్ట మంచిగున్నదా?" అని అడిగాడు. ఆ మండలం కూడా చూపించాకే తృప్తిపడ్డాడు.

సరిచేసిన భాగాన్ని కౌసర్ అక్కడి నుంచే పంపించింది. రెండు రోజుల తర్వాత మతియాస్ రాశాడు. పని బాగుందట. కానీ రేపు మరో లోపం వస్తే దీన్ని చూసుకునే మనిషి లేడట. తీసేయాలనుకున్నది అందుకేనట.

ముందు పరీక్షలున్నాయి, ప్రాజెక్టు ఉంది. అయినా కౌసర్ "నేను చూసుకుంటాను," అని జవాబిచ్చింది.

సమ్మె ముగిసింది. రాష్ట్రం ఇంకా రాలేదు. బస్సులు మళ్లీ తిరిగాయి, కాలేజీ తెరిచారు. పాత బ్రౌజర్ భాగం లైబ్రరీలోనే ఉండిపోయింది. ఎక్కడెక్కడి నుంచో మెయిళ్లు రాసాగాయి, ఎక్కువగా పాత కంప్యూటర్లున్న బడుల నుంచి. కౌసర్ జగిత్యాల ల్యాబ్‌లో కూర్చుని సరిచేసేది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడల్లా రాధిక దేవదాస్ దగ్గర వాటిని నడిపి చూసి ఫోన్‌లో చెప్పేది. ఉద్యోగాలు వచ్చి చెరో ఊరు వెళ్లాక కూడా ఇద్దరూ ఆ పని మానలేదు.