మొగకు అడ్డంగా ఇరవై పడవలు

ఏరు సముద్రంలో కలిసే మొగలో కాంట్రాక్టరు గోడ కట్టడానికి బండరాళ్ళు దించిన మొదటి రోజే ఒక పడవ వాటికి తగిలి రెండుగా చీలింది. అందులోని మనిషికి కాలు పోయింది. వచ్చిన అధికారి రాళ్ళవైపు కన్నెత్తి చూడలేదు. పనికి పడవే అడ్డం వచ్చిందంటూ రాసుకుని వెళ్ళాడు. పక్కనే నిలబడి విన్న సరంగుకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళుగా ఆ మొగలోంచే పడవ నడుపుతున్న మనిషి. అది మూసుకుపోతే పడవలు సముద్రంలోకి పోలేవు, ఊళ్ళో పొయ్యి వెలగదు. ఆ మాత్రం తెలియడానికి చదువులు కావాలా?

ఆ సాయంత్రం చేపలు ఎండబెట్టే చోట జనం కూడారు. అధికారుల కాళ్ళు పట్టుకుందామన్నారు సగంమంది.

"ఎన్నిసార్లు పట్టుకుంటారు? మీరు పట్టుకుని పట్టుకుని వాళ్ళ కాళ్ళే అరిగిపోయాయి," అంది సరంగు కోడలు. ఎండుచేపల పనివాళ్ళ సంఘాన్ని నడిపేది ఆమే. "మన ఇరవై పడవలూ తాడుతో కట్టి మొగకు అడ్డం పెడదాం. రాళ్ళ బార్జి ఎలా వస్తుందో చూద్దాం. ఒకటే మాట, ఏం జరిగినా తాడు విప్పకూడదు."

"నా ప్రాణం పోయినా విప్పను," అన్నాడు సరంగు. మొదటి ముడి అతనే వేశాడు.

రెండు రోజులపాటు, రాళ్ళు తెచ్చే రెండు బార్జిలూ దూరంగానే ఆగిపోయాయి. మూడోరోజు మధ్యాహ్నం, అవతల, సముద్రం వైపున్న బార్జి మీద ఎవరో కర్రకు చొక్కా కట్టి ఊపారు. కింద నీళ్ళలో ఒక మనిషి మునిగి తేలుతున్నాడు.

సముద్రం మీద చొక్కా ఊపారంటే ఎవరి ప్రాణం మీదికో వచ్చిందని అర్థం. చూసినవాడు వల వదిలేసైనా సరే వెళ్ళాలి, పగవాడికైనా సరే. ఎవరూ ఆలోచించలేదు. సరంగు చేతులు వాటంతట అవే ముడి విప్పేశాయి.

"మామా! అందరూ పోకండి! రెండు పడవలు చాలు!" గట్టు మీద కోడలు గొంతు చించుకుంది. ఇంజన్ల చప్పుడులో ఆ అరుపు ఎవరికి వినబడుతుంది? ఇరవై పడవలూ ఒక్కసారే కదిలాయి.

సరంగే ఆ మనిషిని జుట్టు పట్టి పైకి లాగాడు. రాళ్ళు మోసే కూలీ. చొక్కా లోపల నీళ్ళలో తేలే కోటు తొడిగి ఉంది.

"దూకమన్నారు బాబాయ్. లేకపోతే పనిలోంచి తీసేస్తామన్నారు," అని బావురుమన్నాడు.

సరంగు వెనక్కి తిరిగి చూశాడు. రెండో బార్జి మొగలో రాళ్ళు గుమ్మరిస్తోంది. దాని ముందు పోలీసు లాంచీ కాపలా. గంటలో మిగిలిన దారి కాస్తా పూడుకుపోయింది. ఇళ్ళు అటు ఏటివైపు, పడవలు ఇటు సముద్రంలో.

"నా చేతులు విరిగిపోను. ఊరిని ముంచేశాను," అంటూ సరంగు కూలబడ్డాడు.

"నువ్వొక్కడివేనా? అందరం విప్పాం," అన్నాడు పక్క పడవవాడు. అది ఓదార్పు కాదని ఇద్దరికీ తెలుసు. ఇక చేయడానికేమీ లేదు.

లాంచీలోంచి మైకు అరిచింది: "అందరూ వెంటనే ఇళ్ళకు వెళ్ళిపోండి! లేదంటే అరెస్టు చేస్తాం!"

సరంగు లేచి నిలబడ్డాడు.

"ఎటునుంచి వెళ్ళమంటారు సారూ? దారిలో రాళ్ళు పోసింది మీరేగా!"

ఎవరో నవ్వారు. అది ఏడుపులాంటి నవ్వు. అయినా పడవ నుంచి పడవకు పాకింది.

"నన్నెక్కడ దింపుతావ్ బాబాయ్?" అన్నాడు కూలీ, భయంగా.

"దిగడానికి చోటెక్కడుందిరా? కూర్చో."

లాంచీ నేరుగా వాళ్ళ మీదికే వస్తోంది. ఇరవై పడవల్లో ఒక్కరూ ఇంజను వేయలేదు.