అట్ట మీది మనిషి

పందొమ్మిది వందల యాభై తొమ్మిదో సంవత్సరం. షికాగో నలభై ఏడో వీధిలో రికార్డుల కొట్టు అద్దాల నిండా కొత్త లాంగ్ ప్లే రికార్డుల అట్టలే. వాటి మీద జాజ్ బాకాల వాళ్ళు, పియానోల వాళ్ళు టైలు కట్టుకుని దర్జాగా నిలబడ్డారు. వాళ్ళ పక్కన తన మొహం కూడా ఉండాలి, అంతే! నల్లవాళ్ళ బ్లూస్ పాటలు పాడే హోసియా ట్రిబుల్‌కి అదొక్కటే పిచ్చి. ఇన్నాళ్ళూ విడి పాటలే గాని పూర్తి రికార్డు పడలేదు. ఇప్పుడు రికార్డు కంపెనీ నుంచి పిలుపొచ్చింది. బూడిదరంగు పట్టు సూటు కుట్టించుకున్నాడు.

స్టూడియోలో కంపెనీ దొర కెస్లర్ ఆ సూటు చూసి మొహం ముడిచాడు. కరెంటు గిటారు పక్కన పెట్టించి ఉత్త కొయ్య గిటారు చేతికిచ్చాడు. సరే, అదీ భరించాడు. పాటలయ్యాక అట్ట మీద ఫోటో కోసమని మోకాళ్ళ దగ్గర మట్టి పూసిన పొలం బట్టలు తెచ్చి పడేశాడు. పక్కన ఎండుగడ్డి మోపు.

"బూట్లు కూడా విప్పెయ్."

"ఏంటండీ ఇది?"

"కాలేజీ కుర్రాళ్ళకి అసలు సిసలు బ్లూస్ కావాలోయ్. సూటేసుకుంటే ఎవడు నమ్ముతాడు?"

హోసియా ఆ బట్టల్ని కాలితో పక్కకి తోశాడు. మిసిసిపీ పత్తి చేలో అలాంటి బట్టలే విప్పి పారేసి రైలెక్కినవాడు మరి.

"మట్టి బాగా పూశారు. మీరే తొడుక్కోండి" అని వచ్చేశాడు.

వేసవిలో రికార్డు వచ్చింది. పేరు అతనిదే. అట్ట మీద ఆ బట్టల్లో గడ్డి మోపుపై కూర్చున్నది మాత్రం స్టూడియో ఊడ్చే ముసలి ఏమస్!

"ఛీ ఛీ! వీళ్ళ కళ్ళు మండిపోను! మనందరం ఒకటేనా వీళ్ళకి?" భార్య వెర్డెల్ అట్టని విసిరికొట్టింది.

"ఏమస్‌ని ఏమంటాం? కూర్చోమంటే కూర్చున్నాడు. పోనీలేవే, గొంతు నాదేగా. విన్నవాడికి తెలీదా?" అన్నాడు హోసియా.

సోమవారం పొద్దున హోసియా పాడే బారు కిటకిటలాడుతోంది. రాత్రి పని దిగిన మాంసం కార్ఖానా వాళ్ళ ఆటపాటలన్నీ ఆ పూటే. హోసియా సూటులో, కరెంటు గిటారుతో ఆ రికార్డులోని మొదటి పాటే పాడాడు. పాట అవగానే ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు ఆ రికార్డే పట్టుకుని దగ్గరికొచ్చారు.

"ఈ అట్ట మీదాయన ఎక్కడుంటారండీ? సంతకం కావాలి."

"నేనే."

వాళ్ళు అట్టని చూశారు, సూటుని చూశారు. "మీరు కాదండీ. ఈయన అసలైనాయన."

"ఇప్పుడు పాడింది ఇందులో మొదటి పాటేగా బాబూ!"

"ఆయన పాడితే వేరే ఉంటుందండీ."

బారంతా ఘొల్లున నవ్వింది. హోసియా నవ్వలేదు.

"ఆయనా? స్టూడియోలో నేల ఊడుస్తుంటాడు. పొండి."

"అంతటి గాయకుడు నేల ఊడుస్తున్నాడా! అసలు సిసలు బ్లూస్ అంటే అదే!" కుర్రాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. థాంక్స్ చెప్పి స్టూడియో వైపు పరుగు తీశారు.