వంగిన వరుస

జుహ్వాన్ పళ్ళు రెండు ఊడగొట్టింది కంపెనీ పిలిపించిన మనుషులే. కాని వాళ్ళకి దారిచ్చింది మేము. ఇంకా నిజం చెప్పాలంటే, అందరికంటే ముందు దారిచ్చింది నేను. ఈ సంగతి పోలీసుల కాగితాల్లో ఎక్కడా లేదు. అందుకే నేనే చెప్తున్నాను.

నా పేరు ప్యో మ్యోంసుక్. ఫాంగ్యో అనే ఊళ్ళో, కార్లకి దారి చూపించే మ్యాపులు తయారుచేసే కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. కరోనా రోజుల్లో మమ్మల్ని ఇళ్ళకి పంపిన కంపెనీ, అది తగ్గాక కూడా ఇక ఇదే పద్ధతి, ఎక్కడ కావాలంటే అక్కడుండి పని చేసుకోండని కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితాన్ని నమ్మి సోక్ జుహ్వాన్ రెండు గంటల దూరంలో ఉన్న వోంజూకి ఇల్లు మార్చేశాడు. అతను నా జట్టులో మనిషి, ముప్పై నాలుగేళ్ళవాడు. భార్య పోయింది. ఐదేళ్ళ కూతురు బోమికి మూర్ఛలు. రోజుకి ఒకసారి రావచ్చు, నాలుగుసార్లు రావచ్చు. వచ్చినప్పుడు పిల్లని పక్కకి తిప్పి, బుగ్గలోకి మందు పోసే మనిషి చేతికందే దూరంలో ఉండాలి. ఆ పిల్లని పుట్టినప్పటినుంచి చూస్తున్న డాక్టరు ఉండేది వోంజూలోనే. జుహ్వాన్ ఒక కన్ను తెర మీద, ఒక కన్ను పిల్ల మీద పెట్టి మూడేళ్ళు పని చేశాడు. తప్పులు పట్టడంలో నాకు పెట్టింది పేరు, అతని పనిలో మాత్రం పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

జనవరిలో ఉత్తర్వు వచ్చింది. వచ్చే సోమవారం నుంచి అందరూ, వారానికి ఐదు రోజులూ, తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉండాలి. ఎవరికీ మినహాయింపు లేదు. రానివాళ్ళు ఇక ఎప్పటికీ రానక్కర్లేదు. కింద డైరెక్టర్ మేంగ్ గిసోప్ సంతకం.

ఆయన్ని తిట్టుకుందామంటే నాకు నోరు రాదు, అదే వచ్చిన చిక్కు. నా పెళ్ళికి పెద్దగా నిలబడి మంచిమాటలు చెప్పింది ఆయన. మా నాన్న పోయినప్పుడు మూడు రోజులు నిద్ర మానుకుని, వచ్చినవాళ్ళకి సోజు సారా పోసి, శవపేటికకి భుజం పట్టింది ఆయన. ఆఫీసులో చేరిన మొదటి వారం, ఎంత పెద్దవాళ్ళకి దణ్ణంగా ఎంతమేర వంగాలో గోడ దగ్గర నిలబెట్టి నేర్పించింది కూడా ఆయనే. అలాంటి మనిషి ఎదురుపడితే నా నడుం నన్ను అడక్కుండానే వంగుతుంది.

యూనియన్ వాళ్ళం కూడబలుక్కున్నాం. మాతో కూర్చుని మాట్లాడేదాకా పైవాళ్ళెవరినీ ఆఫీసున్న తొమ్మిదో అంతస్తుకి పోనివ్వకూడదని తీర్మానించాం. మంగళవారం పొద్దున్న ఎర్ర జాకెట్లు తొడుక్కుని నలభైమందిమి లిఫ్టుల ముందు చేతిలో చెయ్యి మెలేసి నిలబడ్డాం. వయసులో పెద్దదాన్ని కనక నన్ను మధ్యలో పెట్టారు. జుహ్వాన్ చివర్లో, గోడ పక్కన నిలబడ్డాడు. బోమిని పక్కింటి ముసలమ్మకి అప్పజెప్పి వచ్చాడు. జేబులో ఫోను గంటకోసారి తీసి చూసుకుంటున్నాడు.

కంపెనీ నల్లకోట్లవాళ్ళని ఇరవైమందిని పిలిపించింది. వాళ్ళు అరగంట మమ్మల్ని గుంజారు. "ఏం పిన్నీ, ఇంట్లో కూర సంగతి చూసుకోక ఇక్కడేం పని?" అన్నాడొకడు, నా మోచెయ్యి విరుస్తూ. వాడి మోకాలి మీద తన్నాను. వరుస కదల్లేదు. పర్వాలేదు, మనమూ గట్టివాళ్ళమే అనుకున్నాను.

అప్పుడు అద్దాల తలుపు తెరుచుకుని మేంగ్ గారు ఒక్కరే వచ్చారు. చేతిలో పాత తోలుసంచీ. తిన్నగా నా ముందుకొచ్చి ఎప్పటిలాగే అడిగారు.

"మ్యోంసుక్, అన్నం తిన్నావా?"

వంగాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నేను రెండు పక్కలా మెలేసిన చేతులు విడిపించుకుని, పొట్ట మీద కట్టుకుని, వంగాను. పెద్దది వంగింది కదాని నా పక్కవాళ్ళు వంగారు, వాళ్ళని చూసి వాళ్ళ పక్కవాళ్ళు. రెండు క్షణాల్లో నలభై నడుములూ వంగిపోయాయి. నాకు నా బూట్లు కనిపిస్తున్నాయి. ఆ బూట్ల మధ్యనుంచే నల్లకోట్లు పరిగెత్తడం చూశాను.

మళ్ళీ తలెత్తేసరికి అంతా అయిపోయింది. మా వరుసలో అమ్మాయినొకతెని జుట్టు పట్టి గచ్చు మీద ఈడుస్తున్నారు. ఒకతను కళ్ళజోడు ముక్కలు ముఖంలో గుచ్చుకుని కూర్చుండిపోయాడు. జుహ్వాన్ మాత్రం అందరూ వంగినప్పుడు వంగలేదట. ఒక్కడే గోడకి ఆనుకుని చేతులు చాపి అడ్డం నిలబడ్డాడట. అతని మూతి మీద మోచేత్తో కొట్టి, కిందపడ్డాక కుడిచెయ్యి మీద బూటుతో నిలబడ్డారు. మూడు వేళ్ళు విరిగాయి. మేంగ్ గారు అతన్ని దాటుకుని లిఫ్టెక్కి వెళ్ళిపోయారు.

జుహ్వాన్ నోట్లో గుడ్డ కుక్కుకుని నావైపు చూశాడు. తిట్టినా బాగుండేది. "అలవాటు కదక్కా," అన్నాడు, నెత్తురుతో. సిగ్గుతో చచ్చిపోయాను.

బుధవారమంతా ఇంట్లో అద్దం ముందు నిలబడి, మేంగ్ గారి ముఖం తలచుకుని, వంగకుండా ఉండడం అభ్యాసం చేశాను. నలభై ఏడేళ్ళ వయసులో నేను చేస్తున్నది చూసి మా ఆయన నవ్వాడు. నవ్వకేం చేస్తాడు? తలచుకున్న ప్రతిసారీ మెడ దానంతటదే కిందికి పోతోంది. ఇక ఇలా కాదని నేలతుడిచే కర్ర ఊడదీసి, మెడ కిందినుంచి నడుం దాకా వచ్చేట్టు కోసి, వీపుకి ఆనించి కట్టుకున్నాను. కట్టడానికి మావాడి చిన్నప్పటి దుప్పటి పనికొచ్చింది, పసివాణ్ణి వీపున వేసుకుని తిరిగిన దుప్పటి. పైన ఎర్ర జాకెట్టు తొడిగాను. గురువారం పొద్దున్న బస్సులో కూర్చోలేక నిలబడే వెళ్ళాను.

జుహ్వాన్ కట్టుకట్టిన చేత్తో వచ్చాడు. నా వీపు తట్టి చూసి, రెండు పళ్ళూడిన సందుతో నవ్వాడు. "అక్కా, నీకు వెన్నెముక ఇవాళే మొలిచిందే," అన్నాడు. ఈసారి నేను అతన్ని నా పక్కనే నిలబెట్టుకున్నాను.

మేంగ్ గారు ఎనిమిదీ యాభైకి వచ్చారు. అదే సంచీ, అదే మాట.

"అన్నం తిన్నావా, మ్యోంసుక్?"

నా మెడ వంగబోయింది. కర్ర కొస మెడలో గుచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని తల నిలిచింది.

"తిన్నానండీ. మీరు తిన్నారా?"

నిటారుగా నిలబడి ఆ మాటనడం మా దగ్గర చెంప మీద కొట్టడం కన్నా ఎక్కువ. వరుసలో ఎవరూ వంగలేదు. మేంగ్ గారి చెవులు ఎర్రబడ్డాయి. నల్లకోట్లవాళ్ళకి చెయ్యి ఊపారు. ఇద్దరొచ్చి నా కాలరు పట్టి వరుసలోంచి పీకి ఆయన ముందు నిలబెట్టారు. జుహ్వాన్ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది.

మేంగ్ గారు సంచీ కింద పెట్టారు. కుడిచెయ్యి నా మెడ మీద వేశారు. కొత్తలో గోడ దగ్గర నేర్పించినప్పుడు వేసిన చెయ్యే.

"వంగు," అన్నారు మెల్లిగా. "ఒక్కసారి వంగు. అయిపోతుంది."

నేను వంగలేదు. ఆయన రెండో చెయ్యి కూడా వేసి, ఒళ్ళు బరువంతా ఆనించి నొక్కారు. వెనకనుంచి నల్లకోటువాడు మోకాలు పెట్టాడు. కర్ర ఫట్‌మంది. దానితోపాటు ఇంకేదో కూడా లోపల విరిగింది. నేను మోకాళ్ళ మీద పడలేదు, పక్కకి కొయ్యలా పడ్డాను.

తరవాత జరిగింది నేల మీదనుంచి చూశాను. జుహ్వాన్ ఎడమచేత్తో మేంగ్ గారి టై పట్టి లాగి, నుదుటితో ముక్కు మీద కొట్టాడు. ఆయన పడ్డారు. పడ్డాక కూడా ఆగలేదు. తన్నాడు. పక్కటెముకల మీద ఒకే చోట, చెక్కకి మేకు దిగేసేవాడిలా లెక్కగా తన్నాడు. ప్రతి తన్నుకీ కూతురి పేరే అన్నాడు. నలుగురు లాగితేగాని వదల్లేదు. ఆ తన్నులు పడుతున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది. దాచిపెట్టి ఏం లాభం? పెళ్ళి చేసిన మనిషి, మా నాన్నని మోసిన మనిషి నెత్తురు కక్కుతుంటే ఇంకొకటి తన్నరా అనుకున్నాను.

ఆ సంతోషం పోలీసు బండి వచ్చేదాకానే. జుహ్వాన్‌ని పట్టుకుపోయారు. ఆ మధ్యాహ్నమే బోమికి మూర్ఛ వచ్చింది. పక్కింటి ముసలమ్మ చేతులు వణికి మందు నేలపాలు చేసింది. అంబులెన్సు వచ్చేదాకా పిల్ల పదకొండు నిమిషాలు కొట్టుకుంది. బతికింది. శిశుసంక్షేమం వాళ్ళు వచ్చి, తండ్రికి శిక్ష పడితే పిల్లని ఆశ్రమంలో చేర్చాలని రాసుకుపోయారు. మేంగ్ గారు రాజీపత్రం మీద సంతకం పెడితే జుహ్వాన్ బయటికొస్తాడు, లేకపోతే రెండేళ్ళకి తక్కువ జైలు ఉండదని లాయరు చెప్పాడు.

మమ్మల్నిద్దర్నీ ఒకే ఆస్పత్రిలో చేర్చారు, నేను నాలుగో అంతస్తులో, ఆయన ఆరులో. నా వెన్నుపూస ఒకటి చిట్లిందన్నారు. గట్టి పట్టీ బిగించి, మూడు నెలలు వంగకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అంటుకుంటున్న ఎముక జరిగితే ఇనుము వెయ్యాల్సి వస్తుంది, ఇక జన్మలో వంగవు అన్నాడు.

పదోరోజున లిఫ్టెక్కి ఆరో అంతస్తుకి వెళ్ళాను. మేంగ్ గారు దిళ్ళకి చేరబడి కూర్చున్నారు, ముక్కు మీద కట్టు. తినకుండా వదిలేసిన గంజి పక్కన చల్లారుతోంది. నేను జుహ్వాన్ సంగతి, పిల్ల సంగతి చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి విన్నారు.

"మూడేళ్ళు పొద్దున్నే ఏడింటికి వచ్చేవాణ్ణి," అన్నారు చివరికి. "అంతస్తంతా లైట్లు వేసేవాణ్ణి. నూటయిరవై కుర్చీలు. ఎవరూ లేరు. మీరు పని బాగానే చేశారు, అది నాకూ తెలుసు. కాని ముప్పై ఏళ్ళు వంగి వంగి ఆ కుర్చీ దాకా వచ్చానే మ్యోంసుక్, తీరా వచ్చేసరికి నాకు వంగేవాడు లేకపోతే నేనెందుకు వంగినట్టు?"

నాకు జాలేసింది, అసహ్యమూ వేసింది. ఇంతేనా అనిపించింది. ఈ మాటకోసమా జుహ్వాన్ పళ్ళు, వేళ్ళు, ఆ పసిదాని పదకొండు నిమిషాలు.

"నేను వంగితే సంతకం పెడతారా?" అని అడిగాను.

ఆయన కాదని అనలేదు.

"జుహ్వాన్‌ని ఇంట్లోనే ఉండి పని చేసుకోనివ్వాలి. అది కూడా రాయండి."

పట్టీ కట్లు నాలుగూ విప్పి కుర్చీలో పెట్టాను. పండగకి పెద్దవాళ్ళకి పెట్టే పెద్ద దణ్ణం మొదలుపెట్టాను. చేతులు నుదుటికి ఆనించి, మోకాళ్ళు వంచి, నేల మీద కూర్చుని, ముందుకి వాలాను. సగంలో వెన్నులో కత్తి దిగినట్టయింది. ఆపలేదు. నుదురు చల్లటి నేలకి తగిలేదాకా వంగాను. ఇక లేవలేకపోయాను.

పైనుంచి ఆయన, "చాలు, లే. చాలమ్మా, లే," అంటూనే ఉన్నారు. తరవాత గంట నొక్కుతున్న చప్పుడు, నర్సుల పరుగులు. ఆయన ఏడ్చారని తరవాత నర్సు చెప్పింది. నేను చూళ్ళేదు. ఆ సాయంత్రం నన్ను ఆపరేషనుకి తీసుకెళ్తుంటే మా ఆయన రాజీపత్రం తెచ్చి చూపించాడు. సంతకం ఉంది. వోంజూ మాట కూడా ఉంది.

మిగిలినవాళ్ళం ఓడిపోయాం. ఇప్పుడు వారానికి ఐదు రోజులూ తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉంటున్నాం. తొమ్మిదింటికి నా తెర మీద జుహ్వాన్ కనిపిస్తాడు, కట్టుడు పళ్ళతో. వెనకాల బోమి బొమ్మలు గీసుకుంటూ ఉంటుంది. అప్పుడప్పుడు మాట మధ్యలో అతను చప్పున తెరలోంచి మాయమవుతాడు. ఐదు నిమిషాలకి వస్తాడు. మేమెవరం ఎక్కడికెళ్ళావని అడగం. సంతకం ఎలా వచ్చిందో అతనికి చెప్పలేదు, అతని మీద ఆ బరువెందుకు?

ఎనిమిదీ యాభైకి మేంగ్ గారు లిఫ్టు దిగుతారు. కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరుగుతాయి, అంతస్తంతా లేచి వంగుతుంది. నా వెన్నులో రెండు ఇనుప కడ్డీలున్నాయి, డాక్టరు చీటీ సొరుగులో ఉంది. నేను నిటారుగా నిలబడి ఆయన ముఖంలోకి చూస్తాను. అన్నం తిన్నావా అని ఆయన అడగడం మానేశారు. పద్దెనిమిదేళ్ళు ఆ మనిషికి ఊరికే వంగాను. పనుండి వంగింది ఆ ఒక్కసారే.